చెవికి కిటికీ

గోడలకి చెవులుంటాయని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. వసారాలో గుసగుసగా చెప్పుకున్న మాట తెల్లవారేసరికి వాడంతా పాకిపోయే రోజుల్లో పుట్టిన సామెత అది. ఇప్పుడు కాలం తిరగబడింది. గోడలకి చెవులుండటం మాట దేవుడెరుగు, చెవులకే గోడలొచ్చాయి! ఏ ఇంట్లో చూడండి, కాలేజీ కుర్రాడి దగ్గర్నుంచి పెన్షన్ తీసుకునే తాతగారి దాకా అందరి చెవులకీ ఏదో ఒకటి తగిలించే వుంటుంది. అన్నానికి రమ్మని మూడుసార్లు పిలిచినా వినపడదు. నాలుగోసారి వెళ్ళి భుజం తట్టాలి.

ఈ హెడ్‌ఫోన్స్‌లో రెండు జాతులున్నాయి. ఒకటి డొప్పలా చెవిని పూర్తిగా మూసేసేది. రెండోది వెనక భాగం జల్లెడలా చిల్లులుండి గాలాడేది. మొదటిదాన్ని క్లోజ్డ్ అనీ, రెండోదాన్ని ఓపెన్ అనీ అంటారు. సంగీతమంటే ప్రాణం పెట్టేవాళ్ళు ఇంట్లో కూర్చుని వినటానికి ఈ ఓపెన్‌వే ఎక్కువగా కోరుకుంటారట. బయటి చప్పుళ్ళన్నీ లోపలికొస్తాయి, లోపలి పాట బయటికి పోతుంది. అయినా అదే బాగుంటుందంటారు! డబ్బిచ్చి మరీ చిల్లుల కుండ కొనుక్కోవటమేమిటా అని నాకు ఆశ్చర్యం వేసింది. ఆ ఆశ్చర్యంతోనే దీని పుట్టుపూర్వోత్తరాలు చదవటం మొదలుపెట్టాను. చదివిన కొద్దీ తెలిసిందేమిటంటే, ఈ వస్తువు చరిత్రలో అడుగడుగునా ఒక ఆడమనిషో, ఒక వంటిల్లో, ఒక సంసారమో తగులుతూనే వుంటుంది. మన కబుర్లలోకి రావటానికి ఆ మాత్రం అర్హత చాలదూ?

అసలు ఇలాంటి సరంజామాని మొదట ఒంటికి తగిలించుకున్నది పాటలు వినేవాళ్ళు కాదు, టెలిఫోను ఎక్స్ఛేంజిలో పనిచేసేవాళ్ళు. 1876లో గ్రాహంబెల్ టెలిఫోనుకి పేటెంటు తీసుకున్నాడు. రెండేళ్ళు తిరిగేసరికి అమెరికాలో ఎక్స్ఛేంజిలు వెలిశాయి. తీగలు కలిపే పనికి మొదట్లో మగపిల్లల్ని పెట్టారు. వాళ్ళకేమో ఫోను చేసిన పెద్దమనుషులతో వేళాకోళాలూ, దెబ్బలాటలూ! లాభం లేదని 1878 సెప్టెంబరు 1న బోస్టన్‌లో ఎమ్మా నట్ అనే ఆవిణ్ణి ఉద్యోగంలో చేర్చుకున్నారు. మొట్టమొదటి మహిళా టెలిఫోను ఆపరేటరు ఆవిడే. ఆ తర్వాత ఆ ఉద్యోగం ఆడవాళ్ళ సొత్తే అయిపోయింది. ఓర్పు కావలసిన పని ఎక్కడున్నా మనల్ని వెతుక్కుంటూ వస్తుంది కదా!

అయితే తీగలు మార్చటానికి చేతులు రెండూ కావాలి. మరి రిసీవరు ఎవరు పట్టుకుంటారు? 1880ల్లో ఎజ్రా గిలిలాండ్ అనే ఆయన భుజానికి ఆనించి మోసే పరికరం ఒకటి తయారుచేశాడు. ఒక చెవికి రిసీవరు, నోటి దగ్గర మాట్లాడే గొట్టం, అన్నీ కలిసి కొన్ని కిలోల బరువు. అది మోస్తూ రోజంతా ఇతరుల మాటలు కలపటమే పని. చెవికి తగిలించుకునే ఈ సుఖం వెనక అలాంటి భుజాల నొప్పి వుందన్నమాట.

సంగీతం తీగ మీద నడిచి రావటం మాత్రం పారిస్‌లో జరిగింది. 1881లో అక్కడ విద్యుత్ వస్తు ప్రదర్శన పెట్టారు. క్లెమెంట్ ఆడెర్ అనే ఇంజనీరు పారిస్ ఆపెరా రంగస్థలం ముందు వరసగా మైకులమర్చి, ప్రదర్శనశాల దాకా తీగలు లాగాడు. జనం బారులు తీరి, ఒక్కో చెవికి ఒక్కో రిసీవరు పెట్టుకుని పాట విన్నారు. రెండు చెవులకీ వేరు వేరు మైకుల నుంచి శబ్దం రావటంతో గాయకుడు రంగస్థలం మీద ఎటు నడుస్తున్నాడో కూడా తెలిసిందట. స్టీరియో అనే మాటని జనం పలకటానికి ఎన్నో ఏళ్ళ ముందు సంగతి ఇది. 1890 నుంచి దీన్ని థియేట్రోఫోన్ పేరుతో వ్యాపారంగా నడిపారు. హోటళ్ళలో నాణెం వేస్తే అయిదు నిమిషాల పాట. చందా కడితే ఇంటికే ఆపెరా. 1932 దాకా అది నడిచింది.

ఆ చందాదారుల్లో నవలాకారుడు మార్సెల్ ప్రూస్ట్ ఒకడు. ఆయనకి ఉబ్బసం. చప్పుడంటే గిట్టదు. వీధి సందడి లోపలికి రాకుండా పడకగది గోడలన్నిటికీ బెండు పలకలు కొట్టించుకున్నాడు. అలాంటి మనిషి 1911లో థియేట్రోఫోన్‌కి చందా కట్టి, పడకగదిలోనే డెబస్సీ ఆపెరా విన్నాడు. ప్రపంచం వద్దు, దాని పాట మాత్రం కావాలి! ఈనాటి కుర్రాళ్ళని మనం తప్పుపట్టటం దేనికి చెప్పండి?

ఇక నిజంగా హెడ్‌ఫోన్ అనదగిన వస్తువు పుట్టింది ఒక వంటింట్లో. అమెరికాలో ఊటా రాష్ట్రానికి చెందిన నథానియల్ బాల్డ్విన్ తన వంటగదిలో కూర్చుని, రెండు చెవుల మీదా ఆనేలా ఒక జోడీ చేశాడు. 1910లో దాన్ని అమెరికా నౌకాదళానికి పంపాడు. వాళ్ళు పరీక్షించి చూసి, తమ దగ్గరున్న వాటికన్నా ఎంతో మెరుగ్గా వుందని తేల్చారు. ఇంకా కావాలన్నారు. ఒక్కసారి పదికి మించి చెయ్యలేనని ఆయన జవాబు. అవును మరి, వంటగదిలో అంతకన్నా చోటేదీ? ఆయన భార్య ఆ రోజుల్లో వంట ఎక్కడ చేసుకుందో చరిత్ర రాసినవాళ్ళకి తోచినట్టు లేదు.

1920ల్లో రేడియో వచ్చింది. మొదట్లో వచ్చిన క్రిస్టల్ సెట్లకి స్పీకరు వుండేది కాదు, హెడ్‌ఫోన్స్‌తోనే వినాలి. ఇంటికి ఒక జోడీ వుంటే ఒకళ్ళు వింటుంటే మిగతావాళ్ళు వాళ్ళ మొహంకేసి చూస్తూ కూర్చోవాలి. అందుకని ఒక ఉపాయం కనిపెట్టారు. హెడ్‌ఫోన్స్ తీసుకెళ్ళి గిన్నెలో పెట్టటం! గిన్నె ఆ శబ్దాన్ని కాస్త పోగుచేసి బయటికి పంపేది. అందరూ గిన్నె చుట్టూ చేరి వినేవాళ్ళు. పేరు లేని ఏ గృహిణికి ఆ ఊహ మొదట తట్టిందో గానీ, ఆవిడకి నా నమస్కారం. స్పీకర్లు చవకయ్యాక హెడ్‌ఫోన్స్ మళ్ళీ విమానాలకీ, ఓడలకీ, స్టూడియోలకీ పరిమితమయ్యాయి. 1937లో బెర్లిన్‌లో బేయర్ కంపెనీ డీటీ 48 అనే గట్టి హెడ్‌ఫోన్ తెచ్చింది. అదీ చెవిని మూసేదే.

తిరిగి దాన్ని సంగీతంలోకి తెచ్చినవాడు జాన్ కాస్. ఈయనది అమెరికాలో మిల్వాకీ నగరం. కొత్తగా పెళ్ళయిన జంటకి సోఫా కొనుక్కోమని పెద్దలిచ్చిన డబ్బుతో ఈయన టీవీలు కొని, ఆస్పత్రుల్లో రోగులకి అద్దెకిచ్చే వ్యాపారం పెట్టాడు. సోఫా కోసం ఎదురుచూసిన ఆ కొత్తకోడలు ఏమనుకుందో! మొత్తానికి వ్యాపారం నిలబడింది. 1958లో ఒక చిన్న రికార్డు ప్లేయరు తయారుచేసి, దానితో బాటు స్టీరియో వినటానికి హెడ్‌ఫోన్స్ జతచేసి ప్రదర్శనలో పెట్టాడు. ప్లేయరుని పట్టించుకున్నవాళ్ళు లేరు. హెడ్‌ఫోన్స్ కోసం మాత్రం జనం ఎగబడ్డారు. ఇంట్లో కూర్చుని హాయిగా పాటలు వినే హెడ్‌ఫోన్ల కాలం అక్కణ్ణించే మొదలు.

ఇంతవరకూ అన్నీ మూతలే. మూత తీసినవాళ్ళు జర్మన్లు. హానోవర్ దగ్గర వెన్నెబోస్టెల్ అనే పల్లెలో ఫ్రిట్జ్ సెన్‌హైజర్ అనే ప్రొఫెసరు 1945లో, యుద్ధం ముగిసిన కొద్దిరోజులకే చిన్న ప్రయోగశాల పెట్టాడు. మైకులకి పేరుపొందిన ఆ సంస్థ 1968లో హెచ్‌డీ 414 అనే హెడ్‌ఫోన్ తెచ్చింది. బరువైన డొప్పలు లేవు. తేలికపాటి ప్లాస్టిక్కు, చెవి మీద పసుపుపచ్చని స్పాంజి, వెనక చిల్లులు. జపాన్‌లో స్టాక్స్ కంపెనీ 1960లోనే వెనక తెరిచివున్న ఖరీదైన రకమొకటి అమ్మింది గానీ, మామూలు మనుషుల దాకా వచ్చిన ఓపెన్ హెడ్‌ఫోన్ మాత్రం ఇదే. కోటికి పైగా అమ్ముడయ్యాయి.

ఇందులో కిటుకేమిటో చెప్తాను. లోపల మృదంగం మీద తోలులాగా పల్చని పొర వుంటుంది. అది ముందుకీ వెనక్కీ కదిలితేనే శబ్దం. ముందుకి కదిలినప్పుడు చెవివేపు గాలిని నెడితే, వెనక్కి వచ్చినప్పుడు అవతలివేపు గాలినీ నెడుతుంది. వెనక మూత వుంటే ఆ శబ్దం పోవటానికి దారిలేక డొప్పకి కొట్టుకుని మళ్ళీ చెవిలోకే వస్తుంది. బిందెలో తలపెట్టి పాడితే మన గొంతు మనకే కొత్తగా వినిపిస్తుంది చూశారూ, అలాగన్నమాట. మూత తీసేస్తే వెనక శబ్దం హాయిగా బయటికి వెళ్ళిపోతుంది. పాట బిందెలోంచి బయటపడి వసారాలో కూర్చుని పాడినట్టుంటుంది. అయితే నష్టమూ వుంది. మంద్రస్వరాలకి ఎక్కువ గాలి కదలాలి. తెరిచివున్న చోట వెనక గాలీ ముందు గాలీ ఒకదాన్నొకటి చల్లార్చేసుకుంటాయి. అందుకే ఓపెన్ రకాల్లో అడుగు శబ్దం, అంటే ఇంగ్లీషులో బేస్ అంటారే, అది కాస్త పల్చన.

ఇదంతా పుస్తకాల్లో చదివితే సరిపోతుందా? మా చెల్లెలి కొడుక్కి ఈ పిచ్చి వుంది. జీతంలో సగం వీటికే తగలేస్తాడని వాళ్ళమ్మ గోల. ఒక ఆదివారం వాడి గదిలో కూర్చుని వాడు పెట్టినవన్నీ ఒక్కొక్కటే విన్నాను. పరీక్షకి సుబ్బులక్ష్మిగారి గొంతూ, ఒక వీణ కచేరీ, పాత ఘంటసాల పాటలూ పెట్టుకున్నాం.

మొదట సెన్‌హైజర్ హెచ్‌డీ 600. 1997లో వచ్చిన ఈ రకం ఇప్పటికీ ఈ తరహాలో కొలబద్దట. పెట్టుకున్న నిమిషానికి నాకేమీ ప్రత్యేకంగా తోచలేదు. "ఇందులో గొప్పేముందిరా?" అన్నాను. "అదే గొప్ప పెద్దమ్మా! ఉన్నదున్నట్టు వినిపిస్తుంది," అన్నాడు. నాలుగు నిమిషాలు పోయాక అర్థమయింది. గొంతు గొంతులాగే వుంది. ఊపిరి తీసుకోవటం కూడా తెలుస్తోంది. మృదంగం ఎడమచేతివేపు గుమికి మాత్రం నిండుదనం కొంచెం తక్కువ.

తర్వాత బేయర్‌వాళ్ళ డీటీ 990. ఇది 1985లో మొదలైన వంశం. ఇందులో అడుగు శబ్దమూ ఎక్కువే, పైస్థాయి మెరుపూ ఎక్కువే. తాళాలూ, గజ్జెలూ మిలమిలలాడిపోతాయి. పులిహోరలో పోపు రెండింతలు పడితే ఎలా వుంటుందో అలా వుంది. మొదటి ముద్ద అద్భుతం. గంటసేపు వింటే మాత్రం సకారాలు చెవిలో గుచ్చుకుంటాయి.

మూడోది గ్రాడో. దీనిదీ వంటింటి పుట్టుకే సుమండీ! న్యూయార్కు బ్రూక్లిన్‌లో పళ్ళకొట్టు నడిపిన కుటుంబంలో పుట్టిన జోసెఫ్ గ్రాడో, గడియారాలు బాగుచేసే పనివాడు, 1953లో వంటింటి బల్ల మీద గ్రామఫోను ముల్లు బిగించే కార్ట్రిడ్జిలు చెయ్యటం మొదలుపెట్టాడు. హెడ్‌ఫోన్లు తర్వాత వచ్చాయి. స్పాంజి గరుకు, చెవి మీద ఒత్తిడి. వీణ మీటు మాత్రం వేలి గోరు తగిలినంత దగ్గరగా వినిపించింది. కచేరీలో మొదటి వరసలో కూర్చున్నట్టు. పక్కగదిలో వున్న మా చెల్లెలిక్కూడా ఆ వీణ వినిపించిందంటే దాని చిల్లులెంతవో చూసుకోండి.

నాలుగోది వియన్నాలో పుట్టిన ఏకేజీ కంపెనీ కె 701. 2005లో వచ్చింది. గ్రాడో మొదటి వరస అయితే ఇది హాలు మధ్యలో మంచి సీటు. వాయిద్యాలు ఎడంగా, దేని చోట అది కూర్చుని వాయిస్తున్నట్టుంది. గొంతులో వెచ్చదనం మటుకు హెచ్‌డీ 600 అంత లేదు.

ఘంటసాల పాటలకి వచ్చేసరికి ఒక తమాషా జరిగింది. అవి చాలా మటుకు మోనో రికార్డింగులు. రెండు చెవులకీ ఒకే శబ్దం. దానితో ఆయన గొంతు అటూ ఇటూ కాకుండా సరిగ్గా తల మధ్యలోంచి వచ్చింది! ఎంత ఖరీదైన హెడ్‌ఫోన్ అయినా దాన్ని మార్చలేదట. నాకైతే మార్చాలనీ అనిపించలేదు. ఆ గొంతు మన తలల్లోనే కదా వుంటోంది ఇన్నాళ్ళూ.

కొనాలనుకునేవాళ్ళకి ఒక మాట. హెచ్‌డీ 600 లాంటివి 300 ఓమ్‌ల నిరోధం వున్నవి. మామూలు సెల్‌ఫోనుకి తగిలిస్తే పాట నీరసంగా వస్తుంది, చిన్న ఆంప్లిఫయరు కావాలి. గ్రాడో 32 ఓమ్‌లే కనక ఆ బాధ లేదు. అంత డబ్బు పెట్టలేమనుకునేవాళ్ళకి, 1984లో కాస్ కంపెనీ తెచ్చిన పోర్టా ప్రో అనే చిన్న ఓపెన్ రకం ఇప్పటికీ దొరుకుతోంది.

ఇక సంసారం సంగతి. 1979 జులై 1న జపాన్‌లో సోనీ వాక్‌మన్ వచ్చింది. దాంతో ఇచ్చిన బుల్లి హెడ్‌ఫోన్‌కి కూడా స్పాంజే, అదీ ఓపెన్ రకమే. కంపెనీ అధిపతి అకియో మొరితా దాన్ని ఇంటికి తీసుకెళ్ళి, చెవులకి తగిలించుకుని పరీక్షిస్తూ కూర్చున్నాడు. పక్కనే వున్న భార్యకి కోపం వచ్చింది. తనని వెలివేసినట్టు అనిపించిందావిడకి. మొరితా ఆలోచనలో పడ్డాడు. ఒక్కడే పాట వింటూ కూర్చోవటం మర్యాద కాదేమోనని, ఇద్దరు వినేలా రెండు జాక్‌లు పెట్టించాడు. పాట తగ్గించి ఒకరి మాట ఒకరికి వినిపించే నారింజరంగు మీట కూడా పెట్టించాడు. ఈ సంగతి ఆయనే తన ఆత్మకథలో రాసుకున్నాడు. కానీ జనం ఎవరి వాక్‌మన్ వాళ్ళు కొనుక్కున్నారు. తర్వాతి మోడళ్ళలో ఆ రెండో జాకూ పోయింది, ఆ మీటా పోయింది. భార్య అలిగితే పుట్టిన సౌకర్యాన్ని బజారు మింగేసింది!

మూసుకునే దారి కూడా ఆగలేదు. బెంగాలీ తండ్రికి అమెరికాలో పుట్టిన అమర్ బోస్ 1978లో విమానంలో వస్తూ, ఇంజను మోతలో పాట వినపడక చిరాకుపడి, చప్పుణ్ణి చప్పుడుతోనే చంపే లెక్కలు అక్కడికక్కడే వేశాడు. పైలట్లకి 1989లో, మనలాంటివాళ్ళకి 2000లో ఆ హెడ్‌ఫోన్స్ అందాయి. ఇప్పుడు ఆ రకాల్లోనే ఇంకో బటన్ పెట్టారు. అది నొక్కితే మైకు ద్వారా బయటి చప్పుళ్ళు మళ్ళీ లోపలికొస్తాయి! ముందు గోడ కట్టి, ఆనక కిటికీ కోసం కరెంటు ఖర్చు. 1968లో పసుపుపచ్చ స్పాంజి ఆ పని కరెంటు లేకుండా చేసింది.

అయితే ఓపెన్ రకమే ఆడవాళ్ళకి సరిపోతుందని ఎవరైనా అంటే నాకు చిర్రెత్తుకొస్తుంది. కుక్కరు విజిలూ, పాలవాడి బెల్లూ, పిల్లల ఏడుపూ వినపడుతూనే వుంటాయి కనక మనకి అనుకూలమట! నిజమే, జన్మంతా మనం పాటలు అలాగే విన్నాం. ఒక చెవి రేడియోకీ, ఒక చెవి పొయ్యికీ. చెవి ఎప్పుడూ తెరిచే వుంచాలనే నియమం మనకొక్కరికేనా? బస్సులో వెళ్ళే ఉద్యోగస్తురాలు మూసేవి పెట్టుకోవటమే మంచిది. ఆ మోతలో ఓపెన్‌వి పెట్టుకుంటే వాల్యూము పెంచుకుంటూ పోవాలి. వారానికి నలభై గంటలు వినేవాళ్ళు 80 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. పిల్లలకైతే 75.

ఓపెన్ హెడ్‌ఫోన్ అసలు గుట్టు వేరే వుంది. మూసేది పెట్టుకున్న మనిషి తన నిశ్శబ్దం తనే తయారుచేసుకుంటుంది. ఎవరి దయా అక్కర్లేదు. తెరిచినదానికి నిశ్శబ్దం ఇంట్లోవాళ్ళివ్వాలి. టీవీ తగ్గించాలి, కుక్కరు దగ్గర ఇంకొకళ్ళు నిలబడాలి, ఆవిడ పాట వింటోందని గుర్తుపెట్టుకోవాలి. అంతా చేసి అవసరమైతే పేరుపెట్టి పిలిచినా పలుకుతుంది, వెలివేసినట్టుండదు. ఎంత ఖరీదైన ఓపెన్ హెడ్‌ఫోన్ కొన్నా, దాని విలువ ఆ అరగంట ఇవ్వగలిగిన ఇంట్లోనే తెలుస్తుంది. అందుకని అమ్మకో అత్తగారికో ఈ వస్తువు బహుమతిగా కొనిచ్చే పిల్లలకి నా సలహా ఒకటే. పెట్టె చేతికిచ్చి వెళ్ళిపోకండి. ఆవిడ వింటున్నంతసేపూ స్టవ్ దగ్గర మీరు నిలబడండి.